ఇల్లు ముందు, కాయిదం ఎనుక

జెర మంట దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, సలి గట్టిగనే ఉన్నది. ఇంటి కాయిదాల ముచ్చట అడిగినవ్ గద, చెప్త. మీరు చదువుకున్న పుస్తకాలల్ల ఎట్ల రాసుంటదంటే, ముందుగాల మాస్టర్ ప్లాన్ గీస్తరు, రోడ్లు వేస్తరు, మోరీలు తవ్వుతరు, ఆ తర్వాత మనుషులొచ్చి ఇండ్లు కట్టుకుంటరు. సర్కారు దగ్గరుండి కట్టిన కాలనీలు ఇడిస్తే, దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాంక మన దిక్కు గట్ల పుట్టింది చాన తక్కువ. ఈడ ముందు ఇల్లు లేచింది. దాని ఎనుక కరెంటు మీటరు, దాని ఎనుక ఇంటి నంబరు, దాని ఎనుక పన్ను రశీదు. పర్మిషన్ అనేది ఎన్నో ఏండ్లకు వచ్చింది, కొందరికి ఇంకా రానే లేదు. మున్సిపాలిటీల బిల్ కలెక్టర్‌గ నౌకరీ చేసినోన్ని గనుక, ఈ వరుస అంత కండ్ల ముందట జరిగింది.

మా చిన్నతనంల పట్నం అంటే మలక్‌పేట దాంకనే. మూసారాంబాగ్ దాటితే పొలాలు. నిజాం కొలువుల ఫౌజు నడిపిన ఫ్రెంచి దొర రేమండ్ 1798ల సచ్చిపోతే ఆ దగ్గర్నే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద గోరీ కట్టిండ్రు, ఇప్పటికీ ఉన్నది. దాని అవతల దిల్‌సుఖ్ రాం ప్రసాద్ అనే జాగీర్దారు భూములు. ఆయన పొలాలు ప్లాట్లయి అమ్ముడువోతే దిల్‌సుఖ్‌నగర్ అయింది. అంటే చూడుండ్రి, ఈ దిక్కు పుట్టుడే ప్లాట్లతోని పుట్టింది. ఇంకా ముందుకు వోతే సరూర్‌నగర్ చెరువు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అనాథ పిల్లలకు ఇచ్చిన విక్టోరియా మెమోరియల్ హోం, కర్మన్‌ఘాట్ హన్మాండ్ల గుడి. నడ్మంత ద్రాక్ష తోటలు. అనాబ్-ఎ-షాహీ పండ్ల కాలం వచ్చిందంటే పందిళ్ల కింద కూలోళ్లు పొద్దంత పండ్లు కోసేటోళ్లు. ఇయ్యాల మెట్రో మీద ఎల్బీనగర్ వోతుంటే కింద ఒక్క పందిరి కానొస్తదా?

జనం ఈడికే ఎందుకొచ్చిండ్రంటే, రోడ్డు. విజయవాడ రోడ్డు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, అవతల కృష్ణా జిల్లా, ఎవ్వరొచ్చినా బస్సు ఈ తొవ్వనే పట్నంల జొచ్చేది. నీళ్లు లేక ఎవుసం ఇడిసి వచ్చినోళ్లు, పిల్లల చదువుకని వచ్చినోళ్లు, చిన్న సర్కారు నౌకరీ దొరికినోళ్లు. ఊరి బస్సు ఎక్కడ ఆగుతదో ఆడనే ఇల్లు చూసుకున్నరు. పండుగకు పొద్దున ఎక్కితే మాపటికి ఊర్ల ఉండొచ్చు, అవ్వ అయ్య పానం బాగలేదంటే రాత్రికి రాత్రి వోవచ్చు. మా నాయిన గూడ ఆ లెక్కతోనే ఇటు దిక్కు జాగ కొన్నడు.

ఇగ ప్లాట్లు ఎట్లయినయో ఇనుండ్రి. 1975ల హుడా, అంటే హైదరాబాద్ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ, వచ్చింది, పట్నం చుట్టుపక్కల ఏ జాగ ఇండ్లకు, ఏ జాగ ఫ్యాక్టరీలకు, ఏ జాగ పచ్చగ ఉంచాలె అని రంగులేసి మ్యాపు చేసేటందుకు. ఆ మరుసటేడు, 1976ల, అర్బన్ ల్యాండ్ సీలింగ్ చట్టం వచ్చింది. హైదరాబాద్‌ల ఒక్కొక్కరికి ఖాళీ జాగ వెయ్యి చదరపు మీటర్ల కంటె ఎక్కువ ఉండొద్దు, ఎక్కువుంటే సర్కారు తీసుకుంటది. చట్టం మంచికే చేసిండ్రు, పెద్దోళ్ల తాన భూమి కుప్ప పడొద్దని. కానీ భూమున్నోడు ఏం చేసిండు? సర్కారు తీసుకునే లోపల అమ్ముకుంటే నయమనుకున్నడు. రాత్రికి రాత్రి సున్నం పూసిన రాళ్లు పాతిండ్రు. డేరా ఏసి, ఒక టేబుల్, రెండు కుర్చీలు పెట్టి, నీలి రంగు మ్యాపు పరిచేటోళ్లు. ఈడ పార్కు, ఈడ బడి, ఈడ గుడి అని ఏలు పెట్టి చూపెట్టేటోళ్లు. కొందరు రిజిస్ట్రీ చేసిచ్చిండ్రు, కొందరు జీపీఏ ఇచ్చిండ్రు, కొందరు నోటరీ కాయిదం చేతుల పెట్టిండ్రు. లేఅవుట్ మీద గ్రామ పంచాయతీ ముద్ర ఉంటే సాలు, అది సర్కారు ముద్రనే గద అనుకున్నరు కొన్నోళ్లు. హుడా సంతకం ఉండాలె అనే సంగతి వాళ్లకు ఎవ్వరూ చెప్పలే. మ్యాపుల చూపెట్టిన పార్కు జాగ రెండు మూడేండ్లకు మెల్లగ ప్లాటు నంబర్లు తగిలించుకునేది.

ఊర్లన్నీ కలిసిపోయి ఎల్బీనగర్ మున్సిపాలిటీ అయింది, లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీద. దిల్‌సుఖ్‌నగర్ పక్కన గడ్డిఅన్నారం ఏరే మున్సిపాలిటీ. నౌకరీల చేరినంక నా పని ఇండ్లు కొలుసుడు, రాసుడు, పైసలు వసూలు చేసుడు.

కొలుసుడు అంటే టేపు వట్టుకొని ఇంటి చుట్టు తిరగాలె. పొడుగు ఇంత, ఎడల్పు ఇంత, వరండ ఉన్నదా లేదా. పైన ఏమున్నది, ఆర్‌సీసీ స్లాబా, రేకులా, పెంకులా, గుడిసెనా. ఎన్నేండ్ల కింద కట్టిండ్రు. సొంతంగ ఉంటున్నరా, కిరాయికిచ్చిండ్రా. ముందట షెట్టర్ ఏసి కిరాణం పెడితే దాని రేటు ఏరే. ఇవన్నీ రాస్తే కిరాయి విలువ తేలుతది, దాని మీద పన్ను ఆరు నెలలకోసారి. కొత్త ఇంటికి వోతే ఇంటామె ముందు నీళ్ల చెంబు ఇచ్చేది, తర్వాత ఒకటే మాట అడిగేది: "సారూ, పన్ను కడితే నల్ల ఎప్పుడిస్తరు?" పన్ను ఎక్కువని కొట్లాడినోళ్లు తక్కువ. ఎక్కువ మంది మా ఇల్లు గూడ రాసుకోండ్రని ఎనుక వడేటోళ్లు. ఎందుకంటే ఆ రశీదు మీద ఇంటాయన పేరు, ఇంటి నంబరు అచ్చువడి ఉంటది. రేషన్ కార్డుకు అదే, పిల్లల బడికి అదే, బ్యాంకుకు అదే. సందూకల బంగారం పక్కన పెట్టుకునేటోళ్లు. ప్లాస్టిక్ అతికించి దాసుకున్నోళ్లను చూసిన.

కానీ ఆ రశీదు భూమి మీద హక్కు కాదు బిడ్డా. చట్టంల సాఫుగ ఉన్నది, ఇల్లు పర్మిషన్‌తో కట్టినా లేకుండ కట్టినా పన్ను వేస్తరు. పన్ను వేసినంత మాత్రాన అది సక్రమం అయినట్టు కాదు. ఈ మాట మేము చెప్పినా జనం చెవికి ఎక్కేది కాదు. ఒక సర్కారు కిటికీల మా తాన పైసలు తీసుకుంటరు, ఇంకో సర్కారు కిటికీల నీ ఇల్లే లేదంటరు, గదెట్ల? అని అడిగేటోళ్లు. వాళ్లడిగింది న్యాయమే. ఇప్పటికీ నా తాన దానికి సరైన జవాబు లేదు.

కౌన్సిల్ మీటింగులు జరిగేటప్పుడు రిజిస్టర్లు వట్టుకొని ఎనుక బల్ల మీద కూసునేటోన్ని. ఆడ మాస్టర్ ప్లాన్ ముచ్చట ఎప్పుడో గాని రాకపోయేది. కౌన్సిలర్లు లేచి మాట్లాడిందంత ఇవే: మా వార్డుల ట్యాంకర్ రాలే, స్తంభానికి బల్బు లేదు, పందులు తిరుగుతున్నయి, బర్ల కొట్టం నుంచి పేడ నీళ్లు మోరీల కలుస్తున్నయి, పక్క ప్లాటోడు మెట్లు రోడ్డు మీదికి తెచ్చిండు. పేపరోళ్లకు ఇవి చిన్న ముచ్చట్లు. ఇరవై అడుగుల గల్లీల ఉండేటోనికి అవే పెద్దయి. పొద్దున లేస్తే ముక్కుకు తాకేది పక్కింటి పేడ నీళ్లే గద, హుడా మ్యాపు కాదు. ఆ సభల అరుచుకున్నరు, కొట్లాడిండ్రు, కానీ ఏ గల్లీ తిప్పలు ఏ గల్లీయో తెలిసిన మనిషి ఆడ కూసునేటోడు. ఆ సంగతి నాకు ఇయ్యాల బాగ గుర్తొస్తది.

పెద్ద తిప్పలు రెండుండె. ఒకటి ఆటోనగర్ చెత్త డంపు. పట్నం చెత్తంత లారీలల్ల తెచ్చి, హరిణ వనస్థలి పార్కు పక్కన పోసేటోళ్లు. గాలి మళ్లితే వనస్థలిపురంల కిటికీలు మూసుకొని అన్నం తిన్నరు. చెత్తకు మంట అంటుకుంటే ఆ పొగ దినాలకు దినాలు. వానకాలంల నల్లటి నీళ్లు దిగి బోర్ల నీళ్లు ఖరాబైనయి. కాలనీలోళ్లు దరఖాస్తులు పెట్టంగ పెట్టంగ, రెండువేల సంవత్సరం దాటినంక గానీ అది మూతవడలే. ఆ తర్వాత చెత్త జవహర్‌నగర్‌కు వోయింది. మన ముక్కుకు నిమ్మళమైంది, ఆడోళ్ల మెడకు సుట్టుకుంది. ఆ జవహర్‌నగరోళ్ల గోస తలుసుకుంటే నాకు ఇప్పటికీ మనసున వట్టది.

రెండోది పండ్ల మార్కెట్. మొజంజాహీ మార్కెట్ దిక్కు ఇరుకైందని 1980లల్ల కొత్తపేట కాడికి తెచ్చిండ్రు, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అని పేరు. అప్పుడది ఊరి బయటనే. మార్కెట్ వచ్చినంక చుట్టు ఇండ్లు లేసినయి, ఇండ్లు లేసినంక మార్కెట్ లొల్లి అయింది. మామిడి కాయ దిగే కాలంల లారీల వరుస హైవే మీద ఆగిపోయేది. డబ్బాలల్ల పరిచిన గడ్డి, మురిగిన కాయలు, ఈగలు. కానీ దాన్ని నమ్ముకొని ఎంత మంది బతికిండ్రు! హమాలీలు, గడ్డి అమ్మేటోళ్లు, గంప నెత్తిన వెట్టుకొని గల్లీలు తిరిగే ఆడోళ్లు. 2021ల మార్కెట్‌ను బాటసింగారం పంపిండ్రు. ఆ 22 ఎకరాల జాగల టిమ్స్ దవాఖానకు 2022 ఏప్రిల్‌ల పునాది రాయి వేసిండ్రు. దవాఖాన కావాల్సిందే. కానీ గంపలెత్తుకునే ఆడోళ్లు అంత దూరం తెల్లారగట్ల ఎట్ల వోవాలె అని ఎవరన్న ముందు అడగాల్సింది.

దిల్‌సుఖ్‌నగర్ కథ ఇంకో తీరు. నౌకరీ కోచింగులు, కంప్యూటర్ కోర్సులు, హాస్టళ్లు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఒక్కొక్క అర్రల నలుగురైదుగురు ఉండి చదివిండ్రు. ఇండ్లకని ప్లాన్ తీసుకున్న మేడలు హాస్టళ్లయినయి, బండ్లు పెట్టేటందుకు కట్టిన సెల్లార్లు క్లాసు రూములైనయి, దుకాండ్లయినయి. బండ్లు రోడ్డు మీదికి, రోడ్డు మీదోళ్లు బస్సుల కిందికి. 2019ల సూరత్‌ల కోచింగ్ సెంటర్ కాలి పిల్లలు సచ్చిపోయినప్పుడు మా గుండెలు ఆగినంత పనైంది, ఎందుకంటే గసొంటి మెట్లు, గసొంటి ఇరుకు మన తాన ఎన్ని ఉన్నయో తెలుసు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్, వెంకటాద్రి టాకీసుల కాడ బాంబులు పేలినయి, అది మీరు విన్నరు. అండ్ల చిక్కిన జనం అంత బస్టాపు కాడ, బండ్ల కాడ నిలబడ్డ మామూలు మనుషులు. బతుకుదెరువున్న తాననే మనిషి గుమిగూడుతడు. 2014ల వీధి యాపారుల చట్టం వచ్చింది, తోపుడు బండోనికి గూడ జాగ చూపెట్టాలె, ఉట్టిగ ఎల్లగొట్టొద్దు అని. ఫుట్‌పాత్ నడిసేటోనికి కావాలె, బండోనికి బతుకు కావాలె. ఈ రెండు పొసిగిచ్చుడే మున్సిపాలిటీ అసలు పని అని నేననుకుంట.

2007 ఏప్రిల్ 16న 12 మున్సిపాలిటీలు, చుట్టు పంచాయతీలు పాత బల్దియాల కలిసి జీహెచ్‌ఎంసీ అయినయి. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం రెండూ అండ్ల కలిసినయి. అప్పటి నుంచి 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం మనకు వచ్చింది. అడ్డదిడ్డంగ కడితే ఆ చట్టం సెక్షన్ కింద ఇచ్చే కాయిదానికి జనం "452 నోటీసు" అని పేరు వెట్టుకున్నరు. ఆ ఏడాది ఆఖర్ల రెండు జీవోలు వచ్చినయి, లేని పర్మిషన్‌ను జరిమానతో మాఫు చేసే బీపీఎస్, లేఅవుట్‌ను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్. ఆఫీసుల ముందట లైన్లు! జిరాక్స్ దుకాండ్లు రాత్రి దాంక నడిసినయి. లేఅవుట్‌ల పార్కుకని జాగ ఇడవకపోతే ఇంటాయన ప్లాటు విలువల 14 శాతం అదనంగ కట్టాలె. పార్కు అమ్ముకున్నోడు ఎప్పుడో వోయిండు, ఆ పార్కు పైసలు ప్లాటు కొన్న గరీబోడు కట్టిండు. ఇది నాకు అప్పుడూ మింగుడువడలే, ఇప్పుడూ వడదు.

ఆ తర్వాత 2015ల మళ్ల అవకాశం, 2020ల మళ్ల. 2020ల వెయ్యి రూపాయలు కట్టి రాష్ట్రమంత 25 లక్షలకు పైగ దరఖాస్తులు వెట్టుకున్నరు. బీదోళ్లకు ఒక మంచి పని జరిగింది: ఆ ఏడే వచ్చిన ఆన్‌లైన్ పర్మిషన్ పద్ధతి టీఎస్ బీపాస్‌ల 75 గజాల లోపు జాగల చిన్న ఇల్లు కట్టుకుంటే పర్మిషన్ అక్కర లేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే సాలు అని పెట్టిండ్రు. కానీ మాఫు మీద మాఫు ఇచ్చుకుంట వోతే, కొత్తగ అడ్డదిడ్డంగ కట్టేటోనికి ధైర్యమిచ్చినట్టే గద. మొదటిసారి మాఫు అవసరం, ఎందుకంటే తప్పు జనాన్ది కాదు. మూడోసారికి తప్పు ఎవరిదో మీరే చెప్పుండ్రి.

మన ఇంటి సంగతి దీని నడ్మలనే ఉన్నది. సీలింగ్ చట్టాన్ని మన రాష్ట్రంల 2008 మార్చిల తీసేసిండ్రు, కానీ అప్పటికే మిగులు భూమి అని రాసిన సర్వే నంబర్లు సర్కారు పేరు మీదనే ఉండిపోయినయి. రిజిస్ట్రేషన్ చట్టంల 22ఏ కింద వాటిని నిషేధం జాబితాల వెట్టిండ్రు. రిజిస్ట్రీ ఉన్నది, ఇల్లున్నది, పన్ను కడుతున్నం. అమ్ముదమంటే రిజిస్ట్రార్ ఆఫీసుల కొనేటోని పేరు మీదికి ఎక్కది. బిడ్డ పెండ్లికి, కొడుకు చదువుకు ఇల్లు అక్కరకు రాక ఎంత మంది ఏడ్సిండ్రో! ఎల్బీనగర్ నియోజకవర్గంలనే గసొంటి కాలనీలు నలభైకి పైగ తేలినయి. కాలనీ సంఘాలోళ్లు ఏండ్ల తరబడి తిరిగిండ్రు. 2022 అక్టోబర్ ఆఖర్ల 118 జీవో వచ్చింది, వెయ్యి గజాల దాంక ఇల్లున్నోనికి గజానికి 250 రూపాయలు కడితే పక్కాగ పట్టా. ఒకసారి కొన్న జాగను ఇంకోసారి కొన్నట్టే, అయినా జనం సంబురపడ్డరు. మీ నానమ్మ ఆ దినం దేవునికి కొబ్బరికాయ కొట్టింది.

ఇవన్నీ కాయిదాల తిప్పలు. కాయిదం ఎట్లనో అట్ల సక్కగైతది. నీళ్ల తొవ్వ సక్కగ కాదు.

సరూర్‌నగర్ చెరువు 1626ల కట్టింది అంటరు, 99 ఎకరాలు. మీర్‌పేట దిక్కు చెరువులు నిండితే అలుగు దునికి ఆ నీళ్లు దీంట్లకు రావాలె, ఇది నిండితే కింద మూసీల కలవాలె. చెరువుకు, చెరువుకు నడ్మ నాలా. ఇండ్లు ఎక్కడ లేసినయి? ఆ నాలా మీద, నాలా ఒడ్డున, చెరువు శిఖం భూముల. చట్టం ఏమంటది, పెద్ద చెరువు ఎఫ్‌టీఎల్, అంటే నిండుగ నీళ్లు నిలిచే హద్దుకు 30 మీటర్ల దాంక ఏం కట్టొద్దు, పెద్ద నాలాకు 9 మీటర్లు, సన్నదానికి 2 మీటర్లు. ఆ చట్టం వచ్చేటాల్లకు ఆడ గోడలు లేసి పాతవడ్డయి.

2000 ఆగస్టుల బేగంపేటల ఒక్క దినంల 24 సెంటీమీటర్ల వాన వడ్డది, ఆ తిప్పలు అప్పుడే చూసినం. 2020 అక్టోబర్ 13 రాత్రి ఇంకో తీరు. సీసల బస్తీ, కోదండరాంనగర్, గ్రీన్‌పార్క్ కాలనీ, అన్ని నీళ్లల్లనే. మా తమ్ముని ఇల్లు కోదండరాంనగర్‌ల, కింది అంతస్తు. నీళ్లు తగ్గినంక వోతే గోడ మీద నడుము ఎత్తుకు బురద గీత. బియ్యం డ్రమ్ము బోర్లవడి ఉన్నది, ఫ్రిజ్ మంచం మీదికి ఎక్కింది. మా మరదలు ఏం చేస్తున్నదంటే, ఫ్యాను కింద దండెం కట్టి, రిజిస్ట్రీ కాయిదాలు ఒక్కొక్కటి బట్టల క్లిప్పులతోని ఆరేస్తున్నది. స్టాంపు సిరా పారి ఊదారంగైంది. ఆ పక్కనే ఎల్‌ఆర్‌ఎస్ రశీదు, పన్ను రశీదు. ఇంటికి పది వేలు ఇస్తమని సర్కారు అంటే మీసేవ ముందట లైన్ల నిలబడింది ఆమెనే. అన్ని కాయిదాలు ఉన్నయి, అన్ని పైసలు కట్టిండ్రు, ఆ రాత్రి నీళ్లు ఏ కాయిదం అడగలే.

ఆ తర్వాత నాలాలు బాగుచేసేటందుకు ఎస్‌ఎన్‌డీపీ అని పెట్టి, పెద్ద పెద్ద బాక్సు మోరీలు వేసిండ్రు, సరూర్‌నగర్ కిందికి గూడ. మంచి పని. 2024 జూలైల చెరువుల, నాలాల కబ్జాలు తీసే హైడ్రా వచ్చింది. ఆ సెప్టెంబర్ ఆఖర్ల మూసీ ఒడ్డున, నది కోసం తీసెయ్యాలె అని, ఇండ్ల మీద ఎర్ర రంగు గుర్తులు వేసిండ్రు. చైతన్యపురి, మారుతీనగర్, ఫణిగిరి కాలనీ దిక్కు జనం రోడ్డు మీదికొచ్చిండ్రు. వాళ్ల చేతులల్ల ఏమున్నదో టీవీల చూసిన: రిజిస్ట్రీ, కరెంటు బిల్లు, పన్ను రశీదు. ఎన్నో ఏండ్ల రశీదులు, వరుసగ. నది తొవ్వ నదికి ఇయ్యాలె అనేటోళ్లల్ల నేనొకన్ని. కానీ ఆ రశీదులు తీసుకున్న సర్కారే ఆ మనుషులకు ముందుగాల ఇంకో తాన ఇల్లు చూపెట్టాలె, అదే గల్లీ బడి, అదే బస్సు అందేటంత దగ్గర. రంగు వేసుడు దాని తర్వాత.

ఇంకొకటి. 2023 జూన్‌ల ప్రతి వార్డుకు ఆఫీసు పెట్టిండ్రు గద. ఆడ గోడ మీద ఏమేమో ఫ్లెక్సీలు ఉంటయి. ఆ వార్డుల ఏ నాలా ఎటు వోతది, చెరువు హద్దు ఏ సర్వే నంబర్ల దాంక ఉన్నది, ఏ ప్లాట్లు నిషేధం జాబితాల ఉన్నయి, గీ మ్యాపు ఒక్కటి తెలుగుల, ఉర్దూల అచ్చేసి తగిలిస్తే, ప్లాటు కొనేటోడు డేరాల కూసున్నోని మాట నమ్మక ముందే వచ్చి చూసుకుంటడు. నువ్వు రేపు ఇంటి పన్ను ముచ్చటకు ఆడికి వోతా అన్నవ్ గద. ఏప్రిల్‌ల కడితే 5 శాతం తక్కువైతది, అది యాదికుంచుకో. పన్ను కట్టినంక, మన వార్డు నాలాల మ్యాపు కావాలె అని కాయిదం మీద రాసి, ఇన్‌వార్డు నంబరు వేయించుకొనిరా.